కొల్లేటి దోనెలో రాసుకున్న తివాచీ

ఏలూరులో మా మామయ్యకి తివాచీల షెడ్డు ఉంది. లండనులో గిరాకీ పడిపోయాక రెండేళ్లుగా మగ్గాలు దుమ్ము కొట్టుకుపోయాయి. నేతగాళ్లు ఆరుగురూ కడుపు చేత పట్టుకుని శనివారం కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ బియ్యపు మిల్లులకు పోదామనుకుంటుండగా, లండను షాపువాడొకడు పాత రకం తివాచీ ఒకటి కావాలని ఉత్తరం రాశాడు. ఆ రకం అల్లిక ఏ కాగితం మీదా లేదు, షెడ్డులో వరుసలు చెప్పే సుబ్బయ్య నోట్లో ఉంది. మగ్గం ముందు కూర్చుని “రెండెరుపు, ఒక నీలం” అని అతను రాగం తీసి చెబుతుంటే నేతగాళ్లు ముడులు వేస్తారు. ఎవరి భాగం వాళ్లకే తెలుసు, మొత్తం తెలిసింది సుబ్బయ్యకే. పని పోయాక అతను కొల్లేటి లంకలో అత్తవారింట చేపలు పడుతున్నాడు. “అతన్ని తీసుకురా. రానంటే చెప్పించుకుని రాసుకురా” అని మామయ్య కబురు పెట్టాడు. నేను తాడేపల్లిగూడెం బడిలో డ్రాయింగు మాస్టర్ని; సెలవులు కదా అని ఒప్పుకున్నాను.

తాడేపల్లిగూడెంలో ఆరింటి పాసింజరు ఎక్కితే ఎనిమిదింటికల్లా ఏలూరు. స్టేషను నుంచి కాలవ రేవుకి జట్కా రెండణాలు. రేవు పక్క హోటల్లో ఇడ్లీలు తినే బయల్దేరండి, అవతల సాయంత్రం దాకా ఏమీ దొరకదు. దోనె నడిపే గంగరాజు అర్ధరూపాయి అడిగి ఆరణాలకు దిగాడు. తాటిమాను తొలిచి చేసిన పడవ అది, కాస్త కదిలినా ఊగుతుంది.

“ఏవండీ, అలా పక్కకి వాలకండి. ఇద్దరం కొరమీనులకి పలహారమైపోతాం” అన్నాడు.

రెల్లు దుబ్బుల మధ్య మూడు గంటలు గెడ వేశాడు. లంక ఒడ్డున సుబ్బయ్య వల బాగుచేసుకుంటూ కనబడ్డాడు. వచ్చిన పని చెప్పాను.

“ఒక్క తివాచీయేనా మాస్టారూ?”

“ప్రస్తుతానికి ఒక్కటే. నచ్చితే ఇంకా అడుగుతారట.”

“ఇప్పుడు రాలేనండి. ఈ వలకి నలుగురం. ఒకడు వెళ్లిపోతే వల ఒడ్డునే పడుంటుంది, మిగతా ముగ్గురూ పస్తే. పున్నమితో మా వంతు తీరుతుంది, అందాకా ఆగుతారా?”

“శనివారమే స్టీమరు, సుబ్బయ్యా.”

స్టీమరెక్కేవాళ్లలో ఇద్దరు అతని అక్క కొడుకులు. వల పక్కన పెట్టి నా సంచీ వైపు చూశాడు.

“కాగితం తెచ్చారా అండీ?”

తెచ్చానని ఒప్పుకున్నాను. సిగ్గేసింది.

“అయితే రాసుకోండి. మా నాన్న నాకు చెప్పాడు, నేనింకెవరికీ చెప్పలేదు. పిల్లలు ఓడెక్కకపోతే అదే చాలండి. రెండో తివాచీకి నన్నే పిలుస్తారు కదండీ?”

“పిలుస్తారు” అన్నాను.

గాలి లేచేలోగా తిరిగి వెళ్లాలని గంగరాజు తొందరపెట్టాడు. దాంతో సుబ్బయ్య కూడా దోనెక్కి, కాలవ మొగ దాకా కళ్లు మూసుకుని చెబుతూనే వచ్చాడు. ఒకచోట ఆగిపోయాడు. దోనె అంచు మీద వేళ్లతో తాళం వేస్తే వరుస గుర్తొచ్చింది. పదకొండు కాగితాలయ్యాయి. ఎదురొచ్చిన ఇంకో దోనెలో అతను లంకకి వెళ్లిపోయాడు.

“పీత కష్టాలు పీతవి” అన్నాడు గంగరాజు, ఎవరి గురించో చెప్పకుండా.

మర్నాడు షెడ్డులో పెద్ద నేతగాడు నా రాత చూసి, రాగం లేకుండా చదివాడు. మొదట నేతగాళ్ల చేతులు తడబడ్డాయి, రెండో వరుసకి కుదురుకున్నాయి. రంగూన్ ప్రయాణం మానుకున్నారు. మామయ్య కాగితాలన్నిటికీ ఇంకో నకలు రాయించి, అసలు ఇనప్పెట్టెలో పెట్టాడు. “ఇక సుబ్బయ్యకి కబురు పెట్టే పనే లేదురా” అన్నాడు. సాయంత్రం బండికి నేను తాడేపల్లిగూడెం వచ్చేశాను.

లండనులో ఒకడికి తివాచీ మీద మనసైతే ఇక్కడ ఆరుగురు ఊరు వదలకుండా ఆగారు. వాడి మనసు మళ్లితే మళ్లీ స్టీమరే. సుబ్బయ్య అనే మనిషి ఒకడున్నాడని ఆ షాపువాడికి తెలియదు కాబట్టి వాణ్ణి అనడానికేమీ లేదు. మామయ్యకి తెలుసు. మాట ఇచ్చింది నేను.

కొల్లేరు వెళ్లదలచినవారు మూడింటిలోగా తిరుగు దోనె ఎక్కండి, ఆ తర్వాత ఎదురుగాలి. లంక ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మనిషి ఎవరైనా మిమ్మల్ని ఏలూరు నుంచి కబురేమైనా ఉందా అని అడిగితే, అతనే సుబ్బయ్య. పున్నమి వెళ్లి నాలుగు రోజులైంది, నాకింకా దోనె ఎక్కే ధైర్యం రాలేదు.