నేను నయం చేసిన జాంబీలు

ఒక్క మనిషి, ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా, సొంత పక్షం సైన్యాన్ని మొత్తం ఎలా తుడిచిపెట్టగలడో తెలుసుకోవాలనుందా? కుర్చీ కాస్త దగ్గరికి లాక్కోండి. ఆ మొనగాణ్ణి నేనే.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ కుప్పకూలుతాయని లోకం వణుకుతున్న రోజులు. ఆ వణుకే మాలాంటి ప్రోగ్రామర్లకు జీతం. విదేశంలో, క్లెమెంటి అనే పేటలో నాతో గది పంచుకున్న హైదరాబాదీ ఇమ్రాన్‌కు బల్ల మీద బొమ్మలతో యుద్ధాలాడే పిచ్చి. ఆదివారం ఫైనల్; అందులో వాడి పక్షానికి కొత్త బొమ్మలు కావాలి. రంగు వెయ్యని బొమ్మల్ని బల్ల ఎక్కనివ్వరు. వాణ్ణేమో ఆఫీసు వదలదు.

"అరే భాయ్, ఆంగ్ మో కియో పేటల బొమ్మల దుకాణం ఉంది. జాంబీలు తెచ్చి జర రంగులెయ్యవా? ఫస్ట్ టైం ఫైనల్‌కొచ్చిన!"

"ఓస్, అంతేనా!"

జాంబీ అంటే కుళ్లిన ఒంటితో లేచి నడిచే శవమని మీకు తెలుసు. అప్పుడు నాకు తెలీదు. అడగొచ్చుగా అంటారా? తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టులో పెరిగినవాణ్ణండీ. తెలీదని ఒప్పుకుంటే బేరం పోయినట్టే!

దుకాణంలో బొటనవేలంత ప్లాస్టిక్ మనుషులు. ఒకడికి చెయ్యి లేదు, ఇంకొకడికి పొట్టలో చిల్లు. నా కళ్లు మెరిశాయి.

"అంకుల్, అంతా డ్యామేజీ సరుకే! తగ్గించండి."

చైనీస్ అంకుల్ కళ్లజోడు సవరించుకున్నాడు. "జాంబీలు అలాగే ఉంటాయి లా," అన్నాడు, మాట చివర 'లా' తగిలించే అక్కడి యాసలో.

"అలా చెప్పే అంటగడతారు. మాదీ కొట్టే!"

ఆయన నన్ను వింత జంతువును చూసినట్టు చూసి ధర తగ్గించాడు. పైగా ఒక బ్రష్షు ఊరికే ఇచ్చాడు. జాలిపడి ఇచ్చాడని ఇప్పుడనిపిస్తోంది.

ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే ఎంత ఆశ్చర్యమో! ఆవగింజలో సగం లేని కళ్లు, వాటికి రెప్పలు, లెక్కపెట్టగలిగే పక్కటెముకలు. ఇంత పనితనం ఉన్నవాడు ఆ చెయ్యి పెట్టడమెలా మరిచిపోయాడు చెప్మా?

మా కొట్లో సొట్టపడిన బిందెను సుత్తితో సరిచేసి, మెరుగుపెట్టి అమ్మేవాళ్లం. ఇక్కడా అదే చేశాను. చిల్లులు పుట్టీతో పూడ్చాను. లేని చేతులు అగ్గిపుల్లలతో అతికించాను. గోధుమరంగు ఒళ్లు, గులాబీ బుగ్గలు, నున్నటి క్రాఫు! అందరూ పెళ్లిచూపులకు బయల్దేరినట్టు తయారయ్యారు.

ఆదివారం ఇమ్రాన్ ఆఫీసు నుంచి నేరుగా పోటీకొచ్చి, నేనిచ్చిన డబ్బా మూత తీశాడు. ఒక బొమ్మను తీసి కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"వీళ్లకేమైంది రా?"

"ఏమీ కాలేదు. అందరికీ నయం చేశాను!"

"అరే, కుళ్లిన శవాలు రా ఇవి! శవాలకు బుగ్గలేంది?"

ఊరి జనం పక్షాన ఆడటానికి అవతల కూర్చున్న అమ్మాయి మా బొమ్మల్ని పరీక్షగా చూసి రిఫరీని పిలిచింది. "సర్, ఊరి జనం జాంబీలైపోకుండా కాపాడితే నేను గెలిచినట్టే కదా?"

"అవును."

"చూడండి లా. ఒక్కరికీ ఏమీ కాలేదు!"

రిఫరీ ఒక్కో బొమ్మనీ తిప్పితిప్పి చూశాడు. బల్లంతా వెతికాడు. "మరి జాంబీ ఎక్కడ?"

ఇమ్రాన్ నా భుజం పట్టి ముందుకు తోశాడు. "ఇదొక్కటే మిగిలింది సర్."

ఆ బల్ల మీదే చెయ్యి వేసి ప్రమాణం చేశాను: నా ప్రాణం పోయినా సరే, ప్రాణం పోయినవాళ్లకు మళ్లీ వైద్యం చెయ్యను!