కిటికీ కింద కంప్యూటర్

ఆదోనిలో నేను ఏళ్ల తరబడి పనిచేసిన పెళ్లికార్డుల షాపు మూతపడింది. ఓనరుకి మోకాళ్ల నొప్పులు ముదిరాయి, ఆయన కొడుక్కి కార్డుల మీద మనసు లేదు. షట్టర్ దించారో లేదో, మా ఇంటికి మనుషులు రావడం మొదలుపెట్టారు. "మా పెద్దపాప కార్డు నువ్వే జేసినావు కదమ్మా, చిన్నదానిది ఇంకెవురు జేస్తారు?" అని గుమ్మంలో నిలబడి అడిగేవాళ్లు. షాపులో డిజైన్ చేసి, పేర్లన్నీ టైపు చేసి, ప్రెస్సుకి పంపేదాకా పనంతా నాదే. పెళ్లికొడుకు మేనత్తల పేర్లు ఏ వరసలో వేస్తే గొడవ రాదో కూడా నాకు తెలుసు. ఇంట్లోనే మొదలుపెడదామని మా ఆయన అన్న రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఇన్నాళ్లూ ఇంకొకరి షాపులో, ఇంకొకరి కుర్చీలో కూర్చుని చేసిన పని ఇక నా సొంతం.

మరి ఏం కొనాలి? డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా?

మా ఆయన పత్తి మార్కెట్లో ఒక మండీలో గుమస్తా. ఏ వస్తువు కొనాలన్నా ఆయన దగ్గర అభిప్రాయం ముందే వండి పెట్టి ఉంటుంది, మనం అడగడమే ఆలస్యం. "ల్యాప్‌టాప్ తీసుకుందాం. కరెంటు పోయినా నడుస్తాది. పని అయిపోతే మూసి బీరువాలో పెట్టొచ్చు. డెస్క్‌టాప్ అంటే టేబులు, కుర్చీ, యూపీఎస్, ఆ వైర్లు... ఇంకో సంసారం పెట్టినట్టే" అన్నాడు.

నాకేమో డెస్క్‌టాపే కావాలి. పెద్ద తెర మీద కార్డు మొత్తం ఒకేసారి కనపడుతుంది. మెడ వంచి చూడక్కర్లేదు. ఏదైనా పాడైతే ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు, ఆదోనిలో బాగుచేసేవాళ్లు వీధికొకరున్నారు. ఇవన్నీ నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. కారణం మా అత్త.

మా ఇంట్లో ఒక హాలు, ఒక గది, ఒక వంటిల్లు. టేబుల్ పట్టే చోటు మొత్తానికి ఒకటే ఉంది, హాల్లో కిటికీ కింద. అక్కడ మా అత్త మంచం. పొద్దున కాఫీ తాగి ఆ మంచం ఎక్కిందంటే వీధి మొత్తం ఆమె ఆధీనంలో ఉన్నట్టే. ఎవరింటికి ఎవరొచ్చినారు, ఎవరి ఆటో ఎందుకు ఆలస్యమైంది, ఏ కోడలు కొత్త చీర కట్టింది, అన్నీ ఆమెకే ముందు తెలియాలి. మామ పోయాక ఆమెకి మిగిలిన కాలక్షేపం ఆ కిటికీయే. టీవీ పెడితే "దాంట్లో అందరూ అబద్ధాలోళ్లే" అని మొహం తిప్పుకునేది. అలాంటి మనిషిని మంచం జరుపుకోమని ఎలా అడగను? నాకు నోరు లేక కాదు, ఉందని వీధి వీధంతా ఒప్పుకుంటుంది. ఆ ఒక్క మాట మాత్రం ఆ నోట్లోంచి రాలేదు. ల్యాప్‌టాపే బాగుంటుందిలే అనేశాను.

పాత ల్యాప్‌టాపులు అమ్మే స్నేహితుడొకడు మా ఆయనకున్నాడు. కొనేముందు కొన్నాళ్లు వాడి చూడమని ఒకటి ఇచ్చి పంపాడు. అది ఇంట్లోకొచ్చాక నేను పడ్డ పాట్లు చూడాలి. మంచం మీద పెట్టుకుంటే నడుం పట్టేసింది. వంటగట్టు మీద పెట్టుకుంటే తాలింపు చిట్లింది. గుమ్మంలో కూర్చుంటే ఎండకి తెరలో నా మొహం తప్ప ఇంకేమీ కనపడలేదు. వీటన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి, నేను పని చేస్తున్నట్టు ఎవరికీ అనిపించలేదు. ఒళ్లో పెట్టుకుని దాని వైపు చూస్తున్న మనిషి ఏ సినిమానో చూస్తున్నట్టే ఉంటుంది కదా. "ఊరికే కూచున్యావు కదమ్మే, ఆ ఉల్లిగడ్డలు కొయ్యిపో" అనేది మా అత్త. సాయంత్రమైతే మా ఆయన క్రికెట్ చూడ్డానికి తీసుకునేవాడు. పక్కింటామె కూతురి అప్లికేషన్ పెట్టాలని పట్టుకెళ్లి మర్నాడు మధ్యాహ్నానికి తెచ్చిచ్చింది.

ఆమెని అనాల్సిన పనేం లేదు. మా వీధిలో చేత్తో ఎత్తగలిగిన వస్తువు ఏదైనా అడిగితే ఇవ్వాల్సిందే. నిచ్చెనా అంతే, ఇడ్లీ పాత్రా అంతే. మేమూ అడిగి తెచ్చుకున్నవాళ్లమే. ఇవ్వనని చెప్పడం మాలో ఎవరికీ చేతకాదు.

ల్యాప్‌టాప్ వల్ల ఒక లాభముందని, కార్డు పెళ్లివాళ్లింటికే తీసుకెళ్లి చూపించొచ్చని మా ఆయన పదేపదే చెప్పాడు. సరే, అదీ చూద్దామని మార్కెట్ వెనక వీధిలో ఒక పెళ్లివారింటికి ఎత్తుకుపోయాను. స్టూలు మీద పెట్టి తెరిచాను. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. చిన్న తెర కావడంతో ముందు కూర్చున్నవాళ్లకే కనపడింది, వెనక వాళ్లు "ఇట్లియ్యి, ఇట్లియ్యి" అని చేతుల్లోంచి చేతుల్లోకి తిప్పారు, నా ప్రాణం దాంతోపాటే తిరిగింది. పెళ్లికూతురి బాబాయి పేరు చిన్న అక్షరాల్లో పడిందని ఆయన అలిగాడు, పెద్దవి చేస్తే నవ్వాడు. అంతా కుదిరింది అనుకునేసరికి ఆ ఇంటి అవ్వ వచ్చింది.

"ఇదేనా పత్రిక?" అని అడిగింది.

"ఇదే అవ్వా" అన్నాను.

అవ్వ లోపలికి పోయి తడి పసుపు గిన్నెతో వచ్చింది. నేను నోరు తెరిచేలోపు తెరకి నాలుగు మూలలా బొటనవేలితో ఒత్తి ఒత్తి పసుపు పెట్టేసింది. పైన పెట్టింది జారి కిందికొచ్చింది, కింద పెట్టింది మీటల మధ్యకి దిగింది. అవ్వ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. శుభమా అని పెట్టిన పసుపుని తుడవమని ఏ ఇంట్లో ఎవరంటారు? వాళ్లూ అనలేదు, నేనూ అనలేదు. మూత వెయ్యడానికి లేక తెరిచిన ల్యాప్‌టాప్‌ని రెండు చేతులా పట్టుకుని ఆటోలో ఇల్లు చేరాను. దారిలో అందరూ నన్నే చూశారు.

మా ఆయన తల పట్టుకున్నాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను, దాంతో ఆయనకి ఇంకా మండింది. దీపం వత్తులు తీసుకుని మీటల సందుల్లో తుడిచాడు. ఎంత తుడిచినా అడుగున పసుపు ఛాయ మిగిలే ఉంది. తిరిగి ఇవ్వడానికి పోతే ఆ స్నేహితుడు, "అమ్మకానికి పెట్టిన దాన్ని పెండ్లికూతురిని జేసినారు గదన్నా" అన్నాడట. మంచివాడు, ఇంకో మాట అనకుండా తీసుకున్నాడు. ఇంకో ల్యాప్‌టాప్ చూస్తానని మా ఆయన అన్నాడు. చూడమన్నాను.

అది చూసేలోపు నేను పుట్టింటికి ఎమ్మిగనూరు వెళ్లాను. మా నాయన నేతపని. ఇంట్లోకి అడుగుపెట్టగానే ముందు మగ్గం ఉంటుంది, గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తాడు. లోపలికి పోవాలంటే గోడని ఆనుకుని పక్కకి తిరిగి నడవాలి. చిన్నప్పటి నుంచీ అలాగే నడిచాను, ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు. ఆ రోజు మాత్రం సంచీతో గోడకి రాసుకుంటూ పోతుంటే ఎందుకో ఆగి చూశాను. ఇంట్లో మంచి వెలుతురున్న చోటు మగ్గానిది. పొయ్యి, పడకలు, బియ్యం డబ్బాలు, మేము, అందరం మిగిలిన చోట్లో సర్దుకున్నవాళ్లమే.

అదే సమయానికి చుట్టాలాయన ఒకడొచ్చాడు. నాయన నేత ఆపలేదు, తల ఊపాడు అంతే. అమ్మ లోపలి నుంచే "కూచోప్పా, ఈ అంచు అయినాక లేస్తాడు" అంది. ఆయన ఏమీ అనుకోకుండా గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. నాకు కావలసింది ఇదే కదా అనిపించింది. నేను కూర్చుంటే పనిలో ఉన్నానని ఇంటికొచ్చినవాళ్లకి తెలియాలి. ఉల్లిగడ్డలు కాసేపు ఆగాలి.

ఆయన వెళ్లాక అడిగాను. "నాయనా, మగ్గం ఇంట్లో అడ్డమని ఎవురూ అనలేదా?"

"అడ్డమే కదా పాపా" అన్నాడు నాయన, దారం ముడి వేసుకుంటూ. "ఏం జేస్తాం, పని. బస్సులో ఏమన్నా తిన్యావా లేదా?"

తిరిగొచ్చిన రోజే, అన్నాల దగ్గర అడిగేశాను. ఇంకాసేపు ఆగితే అడగలేనని నాకు తెలుసు. "నాకు డెస్క్‌టాప్ కావల్ల. కిటికీ కింద పెట్టుకోవల్ల. అత్తా, నీ మంచం ఎదురుగోడకి జరపల్ల" అన్నాను. అంత మొండిగా అనాలనుకోలేదు, వచ్చిన మాట అలా వచ్చింది.

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అది మాయమ్మ సోటు" అన్నాడు. మా అత్త అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మంచమెక్కి కిటికీ వైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానేసింది. నేను పక్కనే ఉన్నా, "సాంబారులో ఉప్పు తక్కువైందని సెప్పు" అని కొడుకుతో చెప్పించేది. నాకు చాలా బాధేసింది. ముసలామె నుంచి ఉన్న ఒక్క సంతోషాన్నీ లాక్కుంటున్నానని ఒక పక్క, ఇప్పుడు వద్దంటే ఇక ఈ జన్మకి అడగలేనని ఇంకో పక్క. ఎక్కడ ఏ బంధువు దగ్గర కూర్చుని "నా కోడలు నన్ను మూలకి తోసింది" అంటుందోనని భయం కూడా వేసింది. అంటే కాదనడానికి నా దగ్గర మాటేమీ లేదు. ల్యాప్‌టాపే కొనమని చెప్పడానికి ఒకసారి మా ఆయన చొక్కా పట్టుకుని ఆపాను కూడా. ఆపి, నూనె ప్యాకెట్ తెమ్మన్నాను.

ఒక పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి హాల్లో చప్పుడు. మా అత్త, పక్కింటామె చెరో వైపు పట్టి మంచాన్ని ఎదురుగోడకి ఈడుస్తున్నారు. నేను తడి తలతోనే పరుగెత్తాను.

"టేబులు ఎంత పొడుగుంటాది?" అని అడిగింది మా అత్త. నాతోనే, నేరుగా.

చేతులు చాపి చూపించాను.

"సరిపోతాదిలే. ఈడ నుంచి నాకు వాకిలి కనపడతాది. కాకపోతే పగలు తలుపు మూసేది లేదు. దుమ్మొస్తాందని గొణగొద్దు."

"గొణగను" అన్నాను. తర్వాత ఉండబట్టలేక, "కోపమొచ్చిందా అత్తా?" అన్నాను.

"రాకేం? వచ్చింది. పోయింది" అని మంచం మీద దుప్పటి సర్దుకుంది.

డెస్క్‌టాప్ వచ్చింది. కొత్తది కాదు కానీ తెర మాత్రం పెద్దది, నేను పట్టుబట్టి తెప్పించుకున్నది. పెళ్లివాళ్లు ఇంటికే వచ్చి నా వెనక వరసగా కూర్చుని చూస్తారు, ఎవరూ ఎవరి భుజం మీద పడక్కర్లేదు. కరెంటు పోతే యూపీఎస్ కీచుమంటుంది. నాకన్నా ముందు మా అత్త, "మ్మే, ఆర్పెయ్, పోతాది" అని కేకేస్తుంది. ఈ కంప్యూటర్‌ని మాత్రం అరువడగడానికి ఎవరూ రాలేదు. ఎలా అడుగుతారు, ఎత్తుకుపోవాలంటే ఒక్క మనిషి సరిపోడు. తలుపు పగలంతా తీసే ఉంటుంది. రోజూ పొద్దున మీటల మీద దుమ్ము తుడుచుకుంటాను, గొణగను. మా ఆయన మాత్రం ల్యాప్‌టాపైతే బాగుండేదని ఇప్పటికీ అంటూనే ఉన్నాడు, క్రికెట్ కోసం.

కొన్నాళ్లకి మా అత్త చెల్లెలు కౌతాళం నుంచి వచ్చింది. నేను ఆ రోజు ఒక కార్డు మధ్యలో ఉన్నాను, బంధువుల పేర్లు చాంతాడంత ఉన్నాయి. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందక్కా ఇది? నీ మంచం గోడకి నెట్టేసినారే! ఆ కిటికీ కాడనే కదా నువ్వు ఎప్పుడూ కూచునేది. ఆడ కోడలు కూచునిందే!"

నా చేతులు ఆగిపోయాయి. వెనక్కి తిరగలేదు, తిరిగే ధైర్యం లేదు. నేను భయపడ్డ మాట ఇప్పుడొస్తుందని తెర వైపే చూస్తూ కూర్చున్నాను.

"నేనే జరిగినాలే. అరవొద్దే" అంది మా అత్త. "అది పని జేసుకుంటాంది. లోపలికి పోదాం పా, టీ పెడతా."

ఇద్దరూ వంటింట్లోకి వెళ్లారు. ఎప్పుడూ లేనిది మా అత్తే స్టవ్ వెలిగించింది. అక్కాచెల్లెళ్లు మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మెల్లగా మాట్లాడటం మా అత్తకి పుట్టుకతోనే రాలేదు. మామూలుగా ఆమె వంటింట్లో మాట్లాడితే వీధి చివర వినపడుతుంది. ఇప్పుడు గొంతు తగ్గించుకుంటూ, మరిచిపోయి పెంచుతూ, మళ్లీ గుర్తొచ్చి "ష్, ష్" అని తనని తానే కసురుకుంటూ నా కోసం ఆమె పడుతున్న అవస్థ వింటుంటే నాకు ఏడుపొచ్చేసింది. పైటతో కళ్లు తుడుచుకుని, పెళ్లికొడుకు మేనమామల పేర్లు మళ్లీ మొదటి నుంచి టైపు చేశాను.