కొటేషన్ల రాజారావు గారు

రాజారావు గారికి తాగుడు లేదు, పేకాట లేదు, క్రికెట్ పిచ్చి కూడా లేదు. ఉన్నదల్లా ఒక్కటే వ్యసనం. ఎవరి కారు కంటపడినా దానికి ఇన్సూరెన్స్ కొటేషన్ తీయించాలి. అదీ ఒక కంపెనీ దగ్గర కాదు, న్యూజిలాండ్‌లో ఆ వ్యాపారం చేసే ప్రతి కంపెనీ దగ్గరా. బట్టల కొట్లో చీరలన్నీ కిందికి దింపించి, "మళ్లీ వస్తాం" అని లేచిపోయేవాళ్లుంటారు చూడండి, అచ్చం ఆ జాతి. కాకపోతే ఈయన దింపించే చీరలు తన ఇంటికి కాదు, ఊరందరికీ.

ఈ దేశంలో కారుకి ఇన్సూరెన్స్ ఉండి తీరాలన్న చట్టం లేదు. ఇష్టమైతే కట్టుకోవచ్చు, కాకపోతే దేవుడి మీద భారం వేసి తిరగొచ్చు. కొత్తగా వచ్చిన పిల్లలు చాలామంది రెండోదానికే మొగ్గుతారు. ఆ మాట వింటే చాలు, రాజారావు గారి చెయ్యి జేబులోని ఫోన్ మీదికి పోతుంది.

ఆయనుండే వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్‌లో ఏ తెలుగింట శుభకార్యం జరిగినా అందరూ గారెల చుట్టూ చేరితే, ఆయన బయట కార్ల చుట్టూ తిరుగుతుంటారు. ఒక బారసాలలో ఉయ్యాల్లోకి తొంగి చూసి, "లైసెన్సుకి ఇంకా పదహారేళ్లుంది కదా, నిదానంగా చూద్దాం" అని పాప తండ్రికి ధైర్యం చెప్పి వచ్చారు. ఒక పెళ్లిచూపుల్లో అయితే మరీ దారుణం. ఆక్లండ్ పక్కన హాబ్సన్‌విల్ నుంచి వచ్చిన పెళ్లికొడుకుని జీతమెంతని అమ్మాయి తండ్రి అడిగేలోపే ఈయన అందుకున్నారు.

"బాబూ, రాత్రిళ్లు కారు గరాజ్‌లో పెడతావా, రోడ్డు మీదా?"

"రోడ్డు మీదే అంకుల్."

"ఎప్పుడైనా గుద్దావా?"

"ఒకసారి... రివర్స్‌లో. పక్కింటాయన కంచె."

"శభాష్. నిజం చెప్పావు. అబద్ధం చెబితే రేపు క్లెయిమ్ రాదు."

ఆ సంబంధం కుదిరింది. కంచె సంగతే దాచనివాడు ఇంకేం దాస్తాడని అమ్మాయి తండ్రి నమ్మకం.

నిరుపమకి ఇవన్నీ కంఠతా వచ్చు. డునెడిన్‌లో చదువుకుని, వెల్లింగ్టన్‌లో ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం దొరికి వచ్చిన కొత్తలో ఆమె కూడా ఆయన చేతికి చిక్కిందే. ఈమధ్య పాత కారు అమ్మేసి ఇంకాస్త మంచిది కొనుక్కుంది. "అంకుల్, ఒక్క కొటేషన్ చూసిపెట్టండి" అని నోరు జారింది. ఆయన అన్ని కంపెనీల్నీ అడిగారు. ట్రాక్టర్లకి తప్ప ఇవ్వమన్నవాళ్లని కూడా బతిమాలారు.

కాల్ సెంటర్లలో ఆయన గొంతు తెలియనివాళ్లు లేరు. మెరె అనే అమ్మాయి ఫోనెత్తగానే, "హలో రాజ్, ఈసారి ఎవరి కారు? సరోజ మోకాలు ఎలా ఉంది?" అంటుంది.

వంటింట్లోంచి ఆయన భార్య సరోజ గారు, "నా మోకాలికి కూడా కొటేషన్ అడిగేశారా ఏవిటి!" అని కేకేస్తారు.

అన్నిటికంటే వింత ఏమిటంటే, ఆయన తన కారుకి మాత్రం ఎన్నడూ కొటేషన్ అడగలేదు. ఈ దేశంలో దిగిన ఏడాది ఏ కంపెనీలో చేరారో ఇప్పటికీ అందులోనే ఉన్నారు. అదేమిటని నిరుపమ అడిగితే, "మనకెందుకమ్మా, మన సంగతి మనకి తెలుసుగా" అన్నారు. నిరుపమ నవ్వి ఊరుకుంది.

ఆమె నవ్వు ఆగిపోయింది ఇల్లు కొనబోయినప్పుడు. జాన్సన్‌విల్ కొండ మీద రెండు గదుల చిన్న యూనిట్. గాలి వీస్తే కిటికీలు వణుకుతాయి, వెల్లింగ్టన్‌లో గాలి వీయని రోజుండదు. అయినా అద్దె ఫ్లాట్లలో ఒకరి బీరువా పక్కన ఒకరి బీరువా పెట్టుకుని బతికిన మనిషికి అది రాజమహల్. అంతా కుదిరిందనుకున్న సమయానికి బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. "మీ క్రెడిట్ స్కోరు దగ్గర ఏదో తేడా ఉంది. శుక్రవారంలోగా తేలకపోతే లోన్ ఇవ్వలేం." లోన్ రాకపోతే ఇల్లు క్యూలో తర్వాతున్న వాళ్లకి వెళ్లిపోతుంది.

క్రెడిట్ స్కోరంటే అప్పు తీర్చడంలో మన నడవడికకి వేసే మార్కులు. జీవితంలో ఏ పరీక్షా తప్పని నిరుపమకి ఇందులో మార్కులు తగ్గడమేమిటి? ఫోన్లో వెతికితే ఎర్ర బాణాలు గీసిన ఒక వీడియో దొరికింది. ఎవరైనా మీ ఫైలులోకి తొంగిచూసినప్పుడల్లా మార్కులు ఊడతాయని అందులో ఒకాయన చేతులు తిప్పుతూ చెప్పాడు. నిరుపమ ఆ వీడియో రెండోసారి కూడా చూసింది. తన కారు పేరు చెప్పి దేశంలోని కంపెనీలన్నిటి చేతా తొంగిచూపించిన మహానుభావుడెవరో ఆమెకి తెలుసు.

సరాసరి ఆయనింటికి వెళ్లింది. "అంకుల్, నేను ఒక్కటి అడగమన్నాను. మీరు ఊరంతా దండోరా వేశారు. నా స్కోరు పోయింది. ఇల్లు కూడా పోయేలా ఉంది."

రాజారావు గారి మొహం పాలిపోయింది. "నా వల్లా అమ్మా?"

"మరెవరి వల్ల?"

ఆయన ఫోన్ తీసి, చిన్నపిల్లలకి అందకుండా మందులు పెట్టినట్టు, ఫ్రిజ్ మీద పెట్టేశారు.

ఆ వారంలోనే ఒకరింట సత్యనారాయణ వ్రతం జరిగింది. రాజారావు గారు వచ్చారు, ప్రసాదం తిన్నారు, కుర్చీలో కూర్చున్నారు. అంతే. జనం బెంబేలెత్తిపోయారు. ఒకాయన కావాలనే, "అంకుల్, నా కారుకి ఇన్సూరెన్స్ మానేశాను" అని రెచ్చగొట్టాడు. "అలాగా బాబూ" అన్నారాయన. దాంతో ఇద్దరు ముగ్గురు బీపీ మిషన్ కోసం వెతికారు. నిరుపమ తల తిప్పుకుని కూర్చుంది. కోపం ఇంకా ఉంది, కానీ లోపల ఎక్కడో కలుక్కుమంటోంది.

శుక్రవారం పొద్దున బ్యాంకు ఆవిడ ఎదురుగా కూర్చుని నిరుపమ కొటేషన్ల కథంతా చెప్పుకుంది. ఆవిడ విని పకపకా నవ్వింది.

"కొటేషన్ అడగడం అప్పు అడగడం కాదు. ధర ఎంతని అడిగినందుకు ఎవరూ మార్కులు తియ్యరు. ప్రీమియం నెలనెలా వాయిదాల్లో కడతానంటే ఏదో ఒక కంపెనీ చూడొచ్చేమో గానీ, మీ ఫైలులో అదీ లేదు. అసలు గొడవ వేరే. మీరు ఇద్దరున్నారు."

"ఇద్దరా?"

ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక పెట్టుకోవడం మన అలవాటు. డునెడిన్‌లో మొదటి ఫోన్ తీసుకున్నప్పుడు గొల్లమూడి నిరుపమ అని మనవాళ్ల పద్ధతిలో రాసింది. ఇప్పుడు లోన్ కాగితాల్లో ఇక్కడి కివీల పద్ధతిలో తిప్పి రాసింది. మార్కులు వేసేవాళ్లు ఇద్దరు వేర్వేరు ఆడవాళ్లనుకున్నారు. ఒకామె అన్నీ వేళకి కట్టే బంగారం. రెండో ఆమె నిన్నగాక మొన్న ఆకాశం నుంచి ఊడిపడింది. బ్యాంకు రెండో ఆమెని చూసి జడుసుకుంది. పాస్‌పోర్టు చూపించి ఇద్దర్నీ కలపగానే లోన్ మంజూరైంది.

నిరుపమ మైసూర్ పాక్ కట్టించుకుని పరుగున వెళ్లింది. తలుపు తీసింది సరోజ గారు. రాజారావు గారు పెరట్లో, గాలికి పడిపోయిన టొమాటో మొక్కలకి కర్రలు కడుతున్నారు.

"తప్పు నాదే ఆంటీ. ఆయన వల్ల ఏమీ కాలేదు. మళ్లీ మొదలుపెట్టమని మీరే చెప్పండి."

"చెప్పి చూశానమ్మా. భయపడిపోయారు. విష్ణు అని కొత్తగా వచ్చాడే, మొన్న వ్రతంలో వడ్డించాడు, ఇంటికి వచ్చేటప్పుడు ఆ కుర్రాడి కారు వెనక సీట్లో దుప్పటీ దిండూ చూశారట. అప్పట్నుంచీ నిద్ర లేదీయనకి. అడుగుదామంటే వాడి స్కోరు ఎక్కడ పాడవుతుందోనని భయం."

"దుప్పటి ఉంటే నేరుగా అడగొచ్చుగా, ఎలా ఉన్నావని?"

సరోజ గారు నవ్వారు. "ఎలా ఉన్నావంటే అందరూ బాగున్నామనే చెప్తారమ్మా. ఇన్సూరెన్సు వాళ్లకైతే నిజం చెప్తారు. లేకపోతే క్లెయిమ్ రాదుగా. ఈయన ఆ కిటుకు ఎప్పుడో కనిపెట్టారు. నిన్నూ అడిగారు గుర్తుందా, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావని?"

నిరుపమకి గుర్తొచ్చింది. వచ్చిన కొత్తలో ఆ ప్రశ్నకి, "ఎక్కడికెళ్తానంకుల్? డ్యూటీ, ఇల్లు. ఎవరున్నారు నాకిక్కడ?" అంది. ఆ ఆదివారమే సరోజ గారు ఫోన్ చేశారు, పప్పు పొరపాటున ఎక్కువైందని. తర్వాతి ఆదివారం పులిహోర ఎక్కువైంది. ఆ తర్వాత గుత్తొంకాయ. పాపం ఆంటీకి వంటలో కొలత తెలియదని ఇన్నేళ్లుగా జాలిపడుతోంది నిరుపమ. ఆ భోజనాలే లేకపోతే తను ఎప్పుడో ఉద్యోగం వదిలి వెళ్లిపోయేది. ఆ మాట ఆమెకి ఇప్పుడే స్పష్టంగా తెలిసింది.

ఫ్రిజ్ మీది ఫోన్ అందుకుని, స్పీకర్ పెట్టి, విష్ణుకి కలిపింది.

"విష్ణూ, నిరుపమ అక్కని. నీ కారుకి కొటేషన్ తీద్దామని. రాత్రిళ్లు ఎక్కడ పెడతావు?"

"పెటోన్ బీచ్ దగ్గరక్కా. అంటే... నేనూ అందులోనే. ఫ్లాట్ దొరికేదాకా. క్లెయిమ్‌కి ఏమైనా ఇబ్బందా?"

ఎప్పుడొచ్చారో, మట్టి చేతులతోనే రాజారావు గారు ఫోన్ లాక్కున్నారు.

"చాలా ఇబ్బంది! ఉప్పుగాలికి కారు పాడైపోదూ? ఇవాళే మా గరాజ్‌లో పెట్టెయ్. పక్కన గది కూడా ఖాళీ. కారుని ఒంటరిగా వదలకూడదు, పక్కనే పడుకోవాలి, రూలు."

"అలాంటి రూలుందా అంకుల్?"

"అన్ని కంపెనీల్లోనూ ఉంది. నేను అడిగాను."

సరోజ గారు అప్పటికే బియ్యం కడుగుతున్నారు. నిరుపమ ఆయన ఎదురుగా నిలబడి, "అంకుల్, నన్ను క్షమించండి. నేనీ ఊళ్లో నిలబడ్డానంటే మీ ఇద్దరి వల్లే" అంది. ఆయన చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం అటూ ఇటూ తెగ వెతికారు.

"అది సరే గానీ, ఇల్లు వచ్చిందా?"

"వచ్చింది. ఇంటికి ఇన్సూరెన్స్ తెస్తేనే డబ్బు వదుల్తామంటోంది బ్యాంకు. భూకంపాల ఊరని రెండు కంపెనీలు కాదన్నాయి."

రాజారావు గారి కళ్లు మతాబుల్లా వెలిగాయి. "అయితే... నన్ను అడగమంటావా?"

"అందర్నీ అడగండి అంకుల్."

ఆయన కుర్చీ లాక్కుని, కళ్లజోడు సర్దుకున్నారు. "ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా?"

"నేనొక్కదాన్నే."

"సరోజా, విన్నావా?"

"విన్నానండీ. ఇక ఆదివారాలు మనమే క్యారేజీ పట్టుకుని వెళ్దాం."

"ఆ కొండ మీదికా! ఆంటీ మోకాలితో ఎలా ఎక్కుతారు?" అంది నిరుపమ.

"కారుందిగా" అన్నారు రాజారావు గారు, మెరె నంబరు నొక్కుతూ.