దీపస్తంభం తలుపు

సంగారెడ్డిలో పుట్టి, అక్కడి బళ్ళోనే పిల్లలకు భూగోళం చెబుతూ, నేను సముద్రాన్ని చూసింది మాత్రం పెళ్ళయ్యాకే. మా ఆయనది పటాన్‌చెరు దగ్గర పల్లె. మెకానిక్కు పని నేర్చుకుని, ప్రభుత్వోద్యోగమని పరీక్ష రాస్తే, కృష్ణ సముద్రంలో కలిసే వైపు, ఓడలకు దారి చూపే పాత దీపస్తంభానికి వేశారు. "చెరువుల ఈత రానోనికి సముద్రం కాడ నౌకరేంది?" అని మా అత్తమ్మ మొదటినుంచీ గొణిగేది.

ఆ తొలి వేసవి సెలవుల్లో నేనూ అక్కడ ఉన్నాను. తెల్లవాళ్ళ కాలంలో కట్టిన స్తంభం. లోపల చుట్లు తిరిగే రాతిమెట్లు నడుమ అరిగి గుంటలు పడ్డాయి. పై గదిలో మనిషెత్తు గాజుబిళ్ళల చట్రం, దాని మధ్య కిరసనాయిలు దీపం. పగలంతా కిటికీలకు తెరలు దించి ఉంచేవారు. ఎండ ఆ గాజులోంచి పడితే నిప్పంటుకుంటుందట. పొద్దుగూకే వేళ ఆయన దీపం ముట్టించి, గోడగడియారానికి కీ ఇచ్చినట్టు పెద్ద పిడిని తిప్పితే గాజుచట్రం మెల్లగా తిరిగేది. కింద చేపలవాళ్ళ తాటాకు గుడిసెలు, ఆ వెనకే నీళ్ళు. నడుమ గట్టులాంటిదేమీ లేదు. నాకది నచ్చలేదు. ఆ మాటంటే ఆయన నవ్వి, "తాతల కాలం సంది నిలవడ్డది. మనం పోతం గని ఇది పోదు" అన్నారు.

బడి తెరిచాక తిరిగొచ్చి, సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లిలో అద్దె వాటాలో అత్తమ్మతో ఉన్నాను. డెబ్బైలలో ఒక చలికాలం మొదట్లో రేడియోలో తుఫాను హెచ్చరిక వచ్చింది. మర్నాడు కోస్తాకు తీగలు తెగిపోయాయన్నారు. తపాలా ఆఫీసులో నా టెలిగ్రాం తీసుకోలేదు. "లైన్లు లేవమ్మా, రేపు రాండ్రి" అన్నాడు గుమాస్తా. మర్నాడూ అదే మాట. బళ్ళో నల్లబల్ల మీద తీరం గీస్తూ మధ్యలో ఆగిపోయాను. పిల్లలు పలకలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. గీత ఎక్కడిదాకా గీయాలో తోచలేదు. సాయంత్రం మా చర్చి ఆడవాళ్ళు మా ఇంట్లో ప్రార్థనకు కూర్చుంటే నేను కళ్ళు మూయలేకపోయాను. మూస్తే నీళ్ళే కనబడేవి.

పక్క వాటాలో కోస్తా నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చినాయన ఉండేవారు. అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఆ రాత్రి ఆయన మా గుమ్మంలోకి వచ్చారు.

"ఏమన్న తెలిస్తే చెప్పున్రి అన్నయ్యా."

"ఉప్పెనొచ్చిందంటమ్మా. గాలైతే కప్పులు లేపుద్ది. ఉప్పెనైతే..." అని ఆగి, "మా అన్నోళ్ళూ అటేపే. పొద్దున్నే బయల్దేరుతున్నా. వస్తావా?" అన్నారు.

అత్తమ్మ జొన్నరొట్టెలు మూటకట్టి ఇచ్చింది. "వాడు దొరికితే ఎంబడే తోల్కరా బిడ్డా." దొరికితే అన్న ఆ ఒక్క మాట దారంతా నన్ను వదల్లేదు.

రైలు సగం దారిలో ఆగింది. అక్కణ్ణుంచి లారీ, ఆపైన నడక. వరి నేలకంటుకుపోయి, దాని మీద ఇసుక మేట వేసింది. పశువుల కళేబరాల వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడిచాను. ఎదురొచ్చినవాళ్ళనల్లా "దీపస్తంభం ఉన్నదా?" అని అడిగేదాన్ని. కొందరు ఉందన్నారు. ఒకతను అటువైపు ఏమీ మిగల్లేదన్నాడు. మనుషుల సంగతి మాత్రం ఎవరినీ అడగలేదు. అడిగితే చెప్పేస్తారేమోనని భయం.

మధ్యాహ్నానికి అది కనిపించింది. పక్కనుండాల్సిన పల్లె లేదు. "అదుగోనమ్మా, ఉంది" అన్నారు అన్నయ్య. స్తంభం ఉన్నంతమాత్రాన ఆయన ఉన్నట్టా?

లోపల మెట్లనిండా ఆడవాళ్ళూ పిల్లలూ కూర్చుని ఉన్నారు. తప్పించుకుంటూ పైకెక్కాను. ఆయన గాజు తుడుస్తున్నారు, రెండు అరచేతులకూ గుడ్డపీలికలు. తుఫాను రాత్రి తిప్పే యంత్రం చెడిపోతే, ఆయనా తోటి పనివాడూ గాజుచట్రాన్ని చేతులతో తోసి తిప్పారట.

"నువ్వెందుకొచ్చినవ్?" అన్నారు.

ఏడుపు రాలేదు. "రొట్టెలు తెచ్చిన" అన్నాను.

"కింద పిల్లలకియ్యి."

అన్నయ్య తనవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళారు. మా ఆయన మాత్రం మాటిమాటికీ కిందికి దిగి, ఇనుప తలుపు తీసి బయటికి చూసి వస్తున్నారు. ఏం చూస్తున్నారని అడిగాను. తలుపు దగ్గర నిలబడే చెప్పారు.

"గాలి లేసినంక పల్లెకు పోయి అందర్నీ పిలిసిన. కొందరు పడవలు కట్టుకొని వస్తమన్నరు. వాళ్ళు రాకముందే నీళ్ళు మోకాళ్ళదాక వచ్చినయ్. తలుపు మూసిన. మూయకుంటే లోపటోళ్ళు మునుగుతుండె. అటెనక తలుపు సప్పుడైంది. మనిషి కొట్టిండో, గాలే కొట్టిందో నాకు తెల్వది."

కింది మెట్టు మీది ముసలామె తలెత్తింది. "గాలేనయ్యా. నేను తలుపుకానుకునే కూకున్నా. మనిషి కొడితే నాకు తెలవదా?"

ఆమె ఆ మాట అంతకుముందూ చెప్పినట్టుంది. ఆయన తలూపారు గాని, నమ్మినట్టు లేరు.

"ఇంటికి పోదాం. అత్తమ్మ తోల్కరమ్మన్నది."

"నా జాగల ఇంకొకరు రావాలె. అందాక దీపమెవరు పెడ్తరు?"

నేనూ ఉండిపోయాను. అన్నయ్య వాళ్ళవాళ్ళంతా బతికే ఉన్నారని తెలిసింది. తిరుగుదారిలో ఆయనే అత్తమ్మకు కబురు మోశారు. బదులు మనిషి వచ్చాక, క్రిస్మస్ ముందు ఇద్దరం ఇల్లు చేరాం. చర్చిలో మా ఆయన్ని నిలబెట్టి, ఇంతమందిని కాపాడాడని చెబుతుంటే ఆయన నేలచూపులు చూశారు.

ఫ్యాక్టరీలో మెకానిక్కులు కావాలని అన్నయ్య చెప్పారు. అత్తమ్మ ఇక్కడే ఉండిపొమ్మని కొడుకును బతిమాలింది. కొన్నాళ్ళకు ఆయన "ఆడ మళ్ళ గుడిసెలేసుకుంటున్నరమ్మా" అంటూ పెట్టె సర్దుకున్నారు.

ఈసారి బడికి దీర్ఘ సెలవు పెట్టి నేనూ వెంట వెళ్ళాను. ఆయన వద్దనలేదు. ఆ తర్వాత రేడియోలో తుఫాను మాట వినపడితే చాలు, గుడిసె గుడిసెకూ తిరిగి అందర్నీ స్తంభంలోకి లేపుకొచ్చేదాన్ని. ఆ గాలి చాలాసార్లు ఊరికే పోయేది. పనులు చెడ్డాయని ఆడవాళ్ళు నన్ను తిట్టేవాళ్ళు. తిట్టుకుంటూనే పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్ళు.