మాలిక్ స్టోర్

మా వాకిట్లో కుంపటి మీద మొక్కజొన్న కంకి కాలే వాసనకు నాకు గుర్తొచ్చేది మా జగిత్యాల చేలు కాదు, నేనెన్నడూ చూడని ఒక అమెరికా టౌన్‌షిప్. ఇదేం తిక్కో నాకే తెలియదు. దాని గురించి చెప్పింది డీన్ సార్. సౌదీలోని జుబైల్‌లో మా మెయింటెనెన్స్ కంపెనీకి ఆయన సూపర్‌వైజర్, నేను స్టోర్‌కీపర్‌ని. పనిముట్లు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం నా పని.

ఆయన టౌన్‌షిప్ నా బుర్రకెక్కేది కాదు. మా గోదావరిఖని వైపు టౌన్‌షిప్ అంటే వరసగా క్వార్టర్లు, దవాఖానా, బడి. ఆయనదేమో గళ్ల లుంగీ పరిచినట్టు నలుచదరపు నేల, తిన్నగా గీసిన రోడ్లు, ఎటు చూసినా మొక్కజొన్న. వంకర తిరిగింది ఒక్క వాగేనట. మధ్యలో ఊరుంటుందనుకుంటే అదీ లేదు, ఒక చర్చి, పక్కన సమాధులు. మొత్తం జనం శుక్రవారం మా మెస్‌లో బిర్యానీకి కూర్చునేవాళ్లకంటే తక్కువ. ఊరే లేనిదానికి సరిహద్దులెందుకని అడిగితే నవ్వాడు.

నా అసలు పేచీ వేరే. అందరూ మా స్టోర్‌ను మాలిక్ స్టోర్ అనేవాళ్లు. మాలిక్ నాకంటే ముందు పనిచేసిన పాకిస్తానీ. ఆయన వెళ్లిపోయాక ఏళ్లకేళ్లు అందులో దుమ్ము తిన్నది నేను. డీన్ సార్ కూడా మాలిక్ స్టోర్ అనేసరికి ఒకరోజు ఒళ్లు మండి, ఇక్కడున్నది ఎల్లయ్య సార్ అని గట్టిగానే అన్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వాళ్ల దగ్గర ఇంటిని అందులో ఉన్నవాళ్ల పేరుతో కాదు, అంతకుముందు ఉండి పోయినవాళ్ల పేరుతో పిలుస్తారట. పెళ్లయినప్పటి నుంచీ తానున్న ఇల్లు కూడా ఎవరో ముసలి రైతు పేరుతోనే ఉండేదట.

"మరి మీ పేరెప్పుడొస్తుంది?" నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను.

"నేను వెళ్లిపోయాక."

అది గౌరవమో ఎగతాళో నాకు తేలలేదు.

తర్వాత ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలనే నితాఖత్ రూల్ వచ్చింది. సౌదీలు తక్కువున్నారని మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. ఎరుపులో పడితే మేం అక్కడ ఉండే పర్మిట్లు, ఇఖామాలు రెన్యువల్ కావు. దానికి తోడు ఒక్కో విదేశీ మీద కంపెనీ కట్టాల్సిన నెలనెలా లెవీ. క్యాంపులో గదులు ఖాళీ అవుతుంటే నాకు భయం పట్టుకుంది, నా కూతురి నర్సింగ్ చదువు సగంలో ఉంది. డీన్ సార్ నాకోసం ఆఫీసు చుట్టూ తిరిగాడు. పని కాలేదు. నా జాగాలో ఫహద్ అనే సౌదీని పెట్టుకుని నాకు మళ్లీ రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు.

చివరి రోజు డీన్ సార్ స్టోర్‌కి వచ్చాడు. ఆయన కూడా త్వరలో వెళ్లిపోతున్నాడు. మీ ఇంట్లోనే ఉంటారా అని అడిగాను.

"అది అమ్మేసే వచ్చాను. ఇప్పుడు దానికి నా పేరే. నేను ఉండబోయే ఇంటికి మాత్రం ఇంకెవరిదో పేరు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లున్న చోట మనిషికి దక్కేది ఇంతేనా అని ఆయన మీదే కోపం వచ్చింది.

కూతురి చదువు అప్పో సప్పో చేసి గట్టెక్కించాను. ఇందాక కంకి కాలుస్తుంటే సత్తయ్య ఫోన్ చేశాడు. నాతో పనిచేసిన ఫిట్టర్, ఇంకా అక్కడే ఉన్నాడు.

"అన్నా, ఆ ఫహద్‌కు ఒకటే కోపం. అందరు ఎల్లయ్య స్టోర్ అంటున్నరని. ఎల్లయ్య ఎవడని నన్నే అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? ఇంటికి పోయిండన్న."

గుండె పొంగింది. అక్కడ నా పేరుతో ఒక గది ఉంది, అందులోకి వెళ్లడానికి నాకు వీసా లేదు. కంకి ఒకవైపు మాడిపోయింది.

"కోపం చేసుకోవద్దని చెప్పు. ఆయన పోయినంక ఆయన పేరే పెడుతరు."

"ఆయన యాడికి పోతడే అన్నా? ఆయన దేశమే గదా అది."

డీన్ సార్ తన పేరున్న ఇల్లు వదిలిందీ ఆయన సొంత దేశంలోనే కదా అనబోయాను. మళ్లీ పిల్లలు బాగున్నారా అని అడిగాను.