శుక్రవారం చేపలు

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కి, రెండు పాలిథిన్ సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సంచుల నిండా నీళ్లు, నీళ్లలో చిటికెనవేలి గోరంత చేపలు. పక్క సీటులో ఉన్నామె వంగి చూసి, "ఏందమ్మా అవి, పిల్లోల్లకా?" అనడిగింది. అవునన్నాను. ఆ వారం నేనాడిన మొదటి అబద్ధం అది. శిరివెళ్ల దాటేలోపల నాలుగుసార్లు సంచి మూతి విప్పి చూసుకున్నాను. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా చేపలకంటే ముందు నేనే ఎగిరిపడుతున్నాను.

నేను నర్సును. ఆసుపత్రిలో డాక్టరు పక్కన నిలబడే నర్సును కాదు, ఊర్లు తిరిగే నర్సును. కాపురం నంద్యాలలో, డ్యూటీ ఆళ్లగడ్డ పక్కన మా పుట్టినూర్లోనే. రోజూ పోయి రావడమే. కుర్చీలో కూర్చుంటే నాకు కాళ్లు ఊరుకోవు. దేవుడు నన్ను బస్సు చక్రానికి చేయబోయి మనిషిని చేశాడని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు.

మా నాయన మలేరియా మందు కొట్టే పని చేసి రిటైరయినాడు. వానలు మొదలయ్యాయంటే చాలు, భుజానికి పంపు తగిలించుకుని, డీడీటీ పొడి నీళ్లలో కలిపి, ఇంటింటికీ పోయి గోడల మీద కొట్టేవాడు. గోడలన్నీ తెల్లగా చారలు పడేవి. సాయంత్రం ఆయన ఇంటికొస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. మేము నవ్వేవాళ్లం. ఆ పొడి చల్లి కంది విత్తనాలు దాచుకున్నవాళ్లు ఊర్లో చాలామంది. మా అమ్మ బతికున్న రోజుల్లో మా ఇంట్లోనూ ఆ డబ్బా అటక మీద ఉండేది.

ఇప్పుడు నాయన చేతులు వణుకుతాయి. టీ గ్లాసు సగానికే పోయాలి, లేదంటే పంచె మీద ఒలుకుతుంది. నంద్యాలలో పెద్ద డాక్టరుకు చూపించాను. ఆ పొడి వల్ల కావచ్చు, వయసు వల్ల కావచ్చు, ఇదీ అని గట్టిగా చెప్పలేమన్నాడు. నాయన మాత్రం గట్టిగానే చెప్తాడు. "వయసు పాపా. పొడి ఏం చేస్తాది? ఊరినంతా కాపాడినాది." ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నమ్మే అంటున్నాడో, నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నాడో ఎప్పుడూ తేల్చుకోలేకపోయాను.

ఆ పొడి ఒకసారి కొడితే మట్టిలో, నీళ్లలో, తల్లిపాలలో కూడా ఏండ్ల తరబడి ఉండిపోతుందట. అందుకని అన్ని దేశాల వాళ్లూ కూర్చుని, దాన్ని మానేసే దారులు కలిసి వెతుక్కుందామని, ఒకచోట పనికొచ్చింది ఇంకోచోటికి చెప్పుకుందామని ఒప్పుకున్నారట. ఆ వెతుకులాట తిరిగి తిరిగి మా ఊరి నాపరాళ్ల తొట్ల దాకా వచ్చింది. దోమ తొట్టి నీళ్లలో గుడ్లు పెడుతుంది కాబట్టి, ఆ నీళ్లలో దోమపిల్లల్ని తినే చేపల్ని వదలాలి. ఈ ఏడు మా ఊర్లో పొడి కొట్టరు, చేపలే కాపలా. అవి నిలిస్తే సరి. నిలవకపోతే వానలకు మళ్లీ పంపులొస్తాయి.

పంపులొస్తే మోసేది మా తమ్ముడు. మందు కొట్టడానికి ఏ ఊరి మనిషిని ఆ ఊర్లోనే తీసుకుంటారు. జాబితాలో మొదటి పేరు వాడిదే, నాయన కొడుకని. కౌలు చేలు రెండేండ్లుగా వాడిని ఏడిపిస్తున్నాయి. వాడికి ఆ పని కావాలి. "నాయన చేసిన పనేగదక్కా, నాకేం నామోషీ?" అంటాడు. నామోషీ సంగతి ఎవడడిగాడు? నేను చూసేది వాడి చేతుల్ని. కల్లంలో మూటలెత్తే చేతులు అవి. నాకు కావలసిందల్లా ఆ చేపలు బతకడం. అందుకే పోయిన రెండు నెలల నుంచి నాకు నిద్ర సరిగా లేదు, తిండి సరిగా లేదు.

చేపలు వదిలినప్పటి నుంచీ నన్ను పక్క ఊర్ల జ్వరాల డ్యూటీకి వేశారు. బస్సెక్కడానికి ముందురోజు, సోమవారం, ఊర్లోకి పోయి తొట్లు చూశాను. తొట్లు అద్దాల్లా ఉన్నాయి. అడుగున నలుసు లేదు. చేపా లేదు. మొదటి వీధి లేదు, రెండో వీధి లేదు. కొస ఇంటి అవ్వను పట్టుకున్నాను. ఊర్లో అందరికంటే శుభ్రం ఎక్కువ ఆమెకు.

"అవ్వా, చేపలేవి?"

"పారబోస్తి."

"యాడ పారబోస్తివి?"

"మోరీలో. యాడ పారబోస్తారు మల్ల? శుక్రారం గదా."

"చేపలు కూడానా?"

"నువ్వే గదమ్మా చెప్పింది! శుక్రారం పూట పాత నీళ్లు ఇంట్లో ఉంటే లక్ష్మి గడప తొక్కదని. మర్సిపోతివా?"

మరిచిపోలేదు. నాలుక కరుచుకున్నాను.

చేపలు రాకముందు, చాలా ఏండ్ల పాటు నేను ఊర్లో చెప్పిన పాఠం ఇంకొకటుంది. వారానికొకరోజు తొట్లు, బిందెలు బోర్లించి, తోమి, ఆరబెట్టి నింపుకోవాలి, అలా చేస్తే దోమపిల్లలు చస్తాయి అని. శుక్రవారం అని పైనుంచే చెప్పారు. ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఒకరోజు విసుగొచ్చి నా సొంత తెలివి వాడాను. శుక్రవారం ఎలాగూ గడప కడిగి పసుపు రాస్తారు కదా, ఆ పూట పాత నీళ్లు ఇంట్లో ఉంటే అరిష్టం అని చెప్పాను. నేనేమో ఆదివారం చర్చికి పోయే మనిషిని. లక్ష్మి ఏ గడప తొక్కుతుందో, ఏది తొక్కదో నాకేం తెలుసు? కానీ ఆ మాట గడ్డికి నిప్పంటుకున్నట్టు ఊరంతా పాకింది. తొట్లన్నీ మెరిసిపోయాయి. ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. నేనూ తక్కువ పొంగిపోలేదు.

చేపలు తెచ్చినప్పుడు తొట్టిలో వదలమన్నాను, పెంచమన్నాను. శుక్రవారం సంగతి మాత్రం నా బుర్రలోకే రాలేదు. నా మొదటి పాఠాన్ని ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారో, రెండో పాఠాన్ని అంత శ్రద్ధగా మోరీలో పోశారు. ఎవరిని తిట్టాలి? వాళ్లనా?

బుధవారం ఊరు చూడడానికి బయటి దేశాల వాళ్లు వస్తున్నారు. నాలుగైదు దేశాల మనుషులు నంద్యాలలో దిగి ఉన్నారు. తొట్లు ఖాళీ అని చెప్తే ఆ సాయంత్రానికే కాగితాలు కదులుతాయి, పంపు తమ్ముడి భుజం మీదికొస్తుంది. అందుకే మంగళవారం ఆఫీసు వెనక పెంపకం తొట్టిలో జల్లెడతో చేపలు పట్టి, సంచుల్లో పోసుకుని, బస్సెక్కాను. మధ్యాహ్నం ఎండలో మనుషులు కునుకు తీస్తుంటే దొంగలా ఒక్కో తొట్టిలో గుప్పెడు గుప్పెడు వదిలాను. మా నాయన ఇంట్లో వదులుతుంటే ఆయన మంచం మీద నుంచి చూశాడు. ఆ చూపుకు నాకు ఇంకా చికాకు పుట్టింది.

బుధవారం వాళ్లొచ్చారు. మా ఆఫీసరు ముందు నడుస్తూ ఇంగ్లీషులో గలగలా చెప్పుకుపోతున్నాడు. వాళ్లలో ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకామె ఉంది. నా వయసే ఉంటుంది, నాలాగే ఊర్లు తిరిగే నర్సుగా మొదలుపెట్టిందట. మిగిలినవాళ్లు ఫోటోలు తీసుకుంటుంటే ఆమె మాత్రం ప్రతి తొట్టి దగ్గరా వంగి, ఫోను లైటు వేసి అడుగుదాకా చూస్తోంది. ఒకటి, రెండు, మూడు తొట్లు. నాలుగో తొట్టి దగ్గర నన్ను పిలిచి అడిగింది. నా ఇంగ్లీషు ముక్కలు ముక్కలే అయినా ఆ ప్రశ్న బాగానే అర్థమైంది.

"రెండు నెలల చేపలు కదా. పిల్లలేవి?"

ఆ చేపలు నెలకొకసారి పిల్లల్ని పెడతాయి. నిజంగా అక్కడే పెరిగి ఉంటే తొట్టి నిండా వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు తిరుగుతుండాలి. నేను తెచ్చినవన్నీ జల్లెడలో నిలిచినవి, అన్నీ ఒకే సైజు. పమిట కొంగు మెలితిప్పుతూ నిలబడ్డాను.

ఆమె కోప్పడలేదు. నన్ను గోడ నీడలోకి తీసుకుపోయి, మెల్లగా, నాకు అందేలా చెప్పింది. తానూ ఒకప్పుడు ఇదే పని చేసిందట, బకెట్టుతో. ఆఫీసర్లు వచ్చే ముందురోజు. అందరూ చప్పట్లు కొట్టారట. ఆ రిపోర్టు చదివి పక్క దేశం వాళ్లు తమ ఊర్లలోనూ అలాగే మొదలుపెట్టారట. అక్కడా చేపలు చచ్చాయి. ఎందుకు చచ్చాయో వాళ్లకు తెలియలేదు, ఎందుకంటే ఈమె చెప్పలేదు. "వాళ్లకు ఆ ఏడు జ్వరాలు వచ్చాయి. నేను ఆ దేశం ఎన్నడూ చూడలేదు, నా అబద్ధం మాత్రం చూసింది" అంది. అని నా చేయి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎక్కడి నుంచో వచ్చి నా తొట్లలో లైటు వేసి చూడాలా ఈమె? అయినా ఆమె చేయి వదిలించుకోలేకపోయాను. ఆఫీసరు దగ్గరికి పోయి అందరి ముందూ చెప్పేశాను. చేపలు నిన్న నేనే తెచ్చానని, అసలు చేపలు మోరీ పాలయ్యాయని, దానికి కారణం నేనెప్పుడో కూసిన శుక్రవారం కూతేనని. ఆఫీసరు ఒంటికాలి మీద లేచాడు. "ఇన్నేండ్ల సర్వీసులో ఇదా నువ్వు చేసేది?" అన్నాడు. అనాల్సిందే, అననీ అనుకున్నాను.

జనం గుమిగూడారు. కొస ఇంటి అవ్వ ముందుకొచ్చి, "ఏంది ఈ రచ్చ?" అంది. చెప్పాను. నడుం మీద చేయి పెట్టుకుని విన్నది.

"ఇంతేనా? అరిష్టం పాత నీళ్లకు గానీ చేపలకేముంది? శుక్రారం పొద్దున బకీటులో ఏసి గడప బయట పెడ్తాం. తొట్టి తోమినాక మల్ల లోపలికి తెచ్చుకుంటాం. ఈ మాట ముందే అడిగింటే ఏం పోయింది నీ సొమ్ము?"

ఏమీ పోయేది కాదు. అడగాలని తోచలేదు, అంతే. ఊరికి చెప్పడమే గానీ ఊరిని అడగడం నాకెవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు. ఆఫీసరు ఆ మాటను ఇంగ్లీషులో చెప్తే ఆఫ్రికా ఆమె పకపకా నవ్వింది. తమ దగ్గరా కుండలు కడిగే రోజు ఒకటుందని, ఇంటికి పోగానే ఈ మాట అక్కడ చెప్తానని, చిన్న పుస్తకం తీసి రాసుకుంది. బకెట్టు, గడప, బయట, లోపల అని బొమ్మ కూడా గీసుకుంది. అవ్వ ఆ బొమ్మ చూసి, బకెట్టుకు కడ్డీ మరిచిపోయావని వేలితో చూపించింది.

ఆ తర్వాత రోజులు గడవడం ఉంది చూడండి, అదొక నరకం. నన్ను పనిలోంచి తీసేస్తారో లేదో తెలియదు. ఊరికి పొడి వస్తుందో రాదో తెలియదు. నంద్యాల ఇంట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతున్నాను. తమ్ముడు ఫోను చేసి, "నీ చేపల పుణ్యాన నా పని ఊగులాడుతాండాది" అని కసిరి పెట్టేశాడు. చివరికి కబురొచ్చింది. నాకొక మెమో ఇచ్చారు, పని పోలేదు. మా ఊర్లో ఇంకొక సీజను చేపలతోనే చూద్దామన్నారు. కానీ పక్క మండలంలో పొడి కొడతారు, అక్కడ మనుషులు చాలడం లేదు, కావాలంటే తమ్ముడు అక్కడికి పోవచ్చన్నారు. ఇంత చేసీ నేను వాడిని కాపాడింది మా ఊరి పొలిమేర దాకానే.

కబురొచ్చాక వచ్చిన శుక్రవారం పొద్దున్నే ఊరికి పోయాను. వీధి పొడవునా గడపల బయట బకెట్లున్నాయి. నాయన తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని, టీ వడపోసే జల్లెడతో చేపల్ని బకెట్లోకి మారుస్తున్నాడు. తమ్ముడు చొక్కా జేబులో మందు కొట్టే పనికి ఇవ్వాల్సిన ఫారం మడిచి పెట్టుకుని, ఆళ్లగడ్డకు పోయి ఇచ్చొస్తానని బయల్దేరుతున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

నాయన చేయి వణికింది. జల్లెడ ఒరిగి ఒక చేప బండ మీద పడింది, ఎగిరెగిరి పడుతోంది. ఆయన దాన్ని పట్టుకోబోయాడు, వేళ్లు నిలవలేదు. మళ్లీ పట్టుకోబోయాడు. నేను ఒక అడుగు వేశాను, ఆయన వద్దన్నట్టు తల ఊపి తమ్ముడి వైపు చూశాడు.

"రేయ్, ఇట్లా రా. నువ్వు పట్టు. ఇవి పంపు పట్టిన చేతులురా. ఇవి చేపను పట్టల్యావు."

ఇన్నేండ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. వయసు అనలేదు. తమ్ముడు అలాగే నిలబడిపోయాడు. ఇంకేమీ వద్దు, వాడు రానీ అని మనసులో మొక్కుకున్నాను.

వాడొచ్చి వంగాడు. రెండు వేళ్లతో చేపను తీసి బకెట్లో వేశాడు. జేబులో ఫారం జారి తడి బండ మీద పడింది. దాన్ని తీసుకోకుండా, నాయన చేతిలో జల్లెడ తీసుకుని, తొట్టి ముందు కూర్చున్నాడు.