ముత్యపుచిప్ప బొత్తాం

నేను ఎమ్మెస్ చదివిన కాలేజీ చాలా చిన్నది. మిషిగన్‌లో మొక్కజొన్న చేల మధ్య ఆరేడు ఇటుక భవనాలు, అంతే. అక్కడి లైబ్రరీ బేస్‌మెంట్‌లో పార్ట్‌టైమ్ పని దొరికింది. పాత విద్యార్థుల ఉత్తరాలూ డైరీలూ స్కాన్ చేయడం నా పని.

ఆ ఊళ్ళో ఎనభై దాటిన ఒకావిడ ఉండేవారు. ఆదివారం చర్చి అయ్యాక మాలాంటి విద్యార్థులను భోజనానికి పిలిచేవారు. ఆవిడకు చూపు పూర్తిగా పోయింది. వాళ్ళమ్మ నూరేళ్ళ కిందట మా కాలేజీలోనే చదివారు. అప్పటి అమ్మాయిలు జ్ఞాపకాల పుస్తకమని ఒకటి పెట్టుకునేవారట. వాళ్ళమ్మ పుస్తకం నిండా అతికించిన వస్తువులే. ఫుట్‌బాల్ ఆట చూస్తూ ఒలుచుకున్న వేరుశనగ తొక్క. వార్డెన్‌కు తెలియకుండా గదిలో మిఠాయి వండుకున్నప్పటి కాలిన అగ్గిపుల్ల. డాన్సులో ఎవరి తర్వాత ఎవరితో ఆడాలో రాసుకున్న చిన్న అట్ట, దానికి పట్టుదారంతో వేలాడే పెన్సిలు ముక్క.

భోజనాలయ్యాక ఆవిడ ఆ పుస్తకం తెరిచి, ఒక్కొక్కటీ వేళ్ళతో తడుముతూ దాని కథ చెప్పేవారు. చివరి పేజీలో ముత్యపుచిప్ప బొత్తాం ఒకటి ఉండేది. వాళ్ళమ్మ రూమ్‌మేట్ చేతితొడుగుది. ఆ అమ్మాయి రెండో ఏడు చదువుతూండగానే జ్వరంతో చనిపోయింది.

"అమ్మ నాకు ఆ పిల్ల పేరే పెట్టింది. ముట్టుకుని చూడు, ఎండాకాలంలో కూడా ఎంత చల్లగా ఉంటుందో" అనేవారు.

పుస్తకాన్ని స్కాన్ చేస్తానని అడిగింది నేనే. ఆవిడ ఓ వారం ఆలోచించి నా చేతికిచ్చారు.

"ఒక్కటీ కదపకు అబ్బాయీ. కదిపితే నాకు దారి తెలియదు."

ఇలాంటి పుస్తకాలను పైనుంచి కెమెరాతో తీయాలని లైబ్రరీలో నియమం. పేజీకి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ వారం నాకు ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. త్వరగా ముగించి చదువుకోవాలని, మూత నొక్కి తీసే మామూలు స్కానర్ మీద పెట్టేశాను. అన్ని పేజీలూ ఎలాగో వచ్చాయి. చివరి పేజీకి మాత్రం బొత్తాం అడ్డొచ్చి మూత పడలేదు. పల్చటి చాకుతో బొత్తాన్ని లేపాను. అది ఎగిరి, నేలలోంచి హీటర్ వేడిగాలి వచ్చే జాలీలో పడింది. లోపల రేకు గొట్టంలో దొర్లుకుంటూ పోయిన చప్పుడు విన్నాను.

అప్పుడే పైకి వెళ్ళి చెప్పి ఉంటే ఎవరో ఒకరు ఆ జాలీ విప్పేవారేమో. చెబితే నియమం తప్పానని తెలుస్తుంది, పని పోతుంది. చెప్పలేదు.

అపార్ట్‌మెంట్‌కి వచ్చి నా రూమ్‌మేట్‌కి చెప్పాను. వాడిది వరంగల్.

"గింత దానికి మొకం గట్ల పెట్టినవేంది రా? ఆమెకు కండ్లు కనవడయి గదా. నీ షర్ట్ గుండీ ఒకటి పీకి అతికియ్యి" అన్నాడు.

"తెలిసిపోతే?"

"తెలిస్తే ఏమైతది? సండే చికెన్ కట్ అయితది!"

వాడు నవ్వించడానికన్నాడు. నేను నిజంగానే చేశాను. ఇంటర్వ్యూకని కొన్న తెల్ల చొక్కా చేతి ప్లాస్టిక్ బొత్తాం కోసి, పాత జిగురు మచ్చ మీద సరిగ్గా అతికించాను.

పుస్తకం తిరిగిచ్చిన రోజు ఆవిడ మొదటి పేజీ నుంచి వరసగా తడుముతూ వచ్చారు. తొక్క ఉంది. అగ్గిపుల్ల ఉంది. చివరి పేజీలో వేలు ఆగింది. బొత్తాం చుట్టూ ఒకసారి తిప్పారు. ఆ తర్వాత వేలు దాని మీదే ఉంచి చాలాసేపు కూర్చున్నారు. అది చల్లగా తగులుతుందేమోనని ఎదురుచూస్తున్నారని నాకు అర్థమైంది. అప్పటికైనా నేను నిజం చెప్పి ఉండవచ్చు.

"శ్రద్ధగా చేశావు, థాంక్స్" అని పుస్తకం మూసేశారు. "ఇంకో ముక్క చికెన్ వేసుకో."

ఆ తర్వాత మరో నాలుగు ఆదివారాలు పిలిచారు. ఇంటర్వ్యూ ఉందని ఒకసారి, జ్వరమని ఇంకోసారి, ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉద్యోగం వచ్చింది. చెప్పకుండానే ఊరు వదిలాను.

మూడేళ్ళ తర్వాత ఆవిడ పోయారని తెలిసి వెళ్ళాను. చర్చి హాల్లో ఆవిడ మేనకోడలు పలకరించారు. "కాలేజీ పిల్లల గురించి అత్తయ్య చాలా చెప్పేది" అన్నారు. ఆ పుస్తకం చూసుకునేవారా అని అడిగాను.

"రోజూ. చివరి పేజీ మాత్రం తెరిచేది కాదు. ఎందుకని అడిగితే, అక్కడేమీ లేదులే అనేది. అక్కడేదో బొత్తాం ఉంది మరి. మీకేమైనా తెలుసా?"

నా చేతిలో కాఫీ కప్పు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను.

"లేదండీ, తెలీదు" అన్నాను.